నాలుగో గడి

బస్సు గోపన్‌పల్లి మలుపు తిరిగేలోగా చెప్పేయాలనుకుంది రత్నమాల. మలుపు తిరిగింది. సరే, ఆ మూడు బండల దగ్గర చెబుదాం అనుకుంది, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి దింపడం మరిచిపోయినట్టుండే ఆ బండల దగ్గర. అవీ వెనక్కి పోయాయి. మెహదీపట్నం ఇంకా గంట దూరం. గంటలో ఒక్క మాట చెప్పలేనా అనుకుంది. కాకినాడ కాలేజీలో ఇంగ్లీషు బి.ఏ. చదివి, వక్తృత్వపు పోటీలో వెండి కప్పు తెచ్చుకున్న మనిషికి ఒక్క మాట. పక్కన కిటికీ వైపు పిన్ని కూర్చుంది, మడత పెట్టిన తెల్ల తువ్వాలు నోటికి అడ్డంగా పట్టుకుని, బయట వెనక్కి పోతున్న సీతాఫలం చెట్లను చూస్తూ. పిన్ని అంటే రత్నమాలకు పిన్ని కాదు, ఆమె భర్త విశ్వేశ్వరరావుకు. వరసకు రత్నమాలకు అత్తగారు, ఎదురుగా అత్తయ్యా అనే పిలుస్తుంది, మనసులో మాత్రం పదకొండేళ్లుగా పిన్నే. అసలు పేరు భ్రమరాంబ అని దవాఖాన చీటీ మీద చూసినప్పుడు ఎవరో పరాయి మనిషి చీటీ మన చేతికి వచ్చిందేమో అనిపించింది.

పిన్ని అనే మాటలో ఉన్న సుఖం ఏమిటో ఆ ఇంట్లోకి కాపురానికి వచ్చిన కొత్తలోనే రత్నమాలకు అర్థమైంది. విశ్వేశ్వరరావుకు మూడో ఏడు నిండకముందే తల్లి సుబ్బలక్ష్మి పోయింది. పెద్దకర్మ అయిన నెలకే సుబ్బలక్ష్మి చెల్లెల్ని, పదిహేడేళ్ల పిల్లని, పిల్లవాణ్ణి చూసుకోడానికని బావకే ఇచ్చి చేశారు. నిన్నటిదాకా పిల్లవాడు ఆమెను పిన్నీ అని పిలిచాడు, తల్లి చెల్లెలు కనక. ఇవాళ్టి నుంచీ పిన్నీ అనే పిలిచాడు, తండ్రి పెళ్లాం కనక. పిలుపు మారలేదు, ఎవరూ మార్చమనలేదు. ఆ ఒక్క మాట రెండు ఇళ్లకూ ఉమ్మడి గోడలా నిలబడింది, ఇటు నుంచి చూస్తే ఇటు గోడ, అటు నుంచి చూస్తే అటు గోడ. ఇన్నేళ్లూ ఆ గోడను ఎవరూ తట్టలేదు. తట్టినది తనే. ఇంత చదివీ.

ఆ రోజు ఎంత శ్రద్ధగా కూర్చుంది. పాప బాలాత్రిపురసుందరి బళ్లోకి వెళ్లిన తర్వాత, గచ్చు కడిగి, చాప వేసుకుని, చేతులకు తడి లేకుండా తుడుచుకుని, ఆయన తెచ్చిన వైద్య ఖర్చుల ఫారాన్ని పాప పలక మీద పెట్టుకుని. నువ్వు ఇంగ్లీషు చదివినదానివి, నీ చేతిరాత బాగుంటుంది, నువ్వే నింపు అన్నాడాయన. సర్వే శాఖలో మ్యాపులు గీసే మనిషి, గీతలు బాగా గీస్తాడు, మాటలంటే భయం. మొదటి గడిలో ఉద్యోగి పేరు. రెండో గడిలో రోగి పేరు. మూడో గడిలో వయసు, యాభై రెండు. నాలుగో గడిలో ఉద్యోగికి రోగి ఏమవుతారు. అక్కడ కలం ఆగింది. స్టెప్ మదర్ అని రాయొచ్చు. ఆ మాట కలం మొన దాకా వచ్చి, తెలుగులోకి తిరిగి, సవతి తల్లి అయి కూర్చుంది. వాకిట్లో పిన్ని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఈ మాట నా చేత్తో రాయనా అనుకుంది రత్నమాల, ఎంతో ఉదారంగా, ఎంతో మర్యాదగా. ఆంట్ అని రాసింది. పక్కనే ఇంకా చిన్న అక్షరాలతో, తల్లికి చెల్లెలు అని కూడా ఇంగ్లీషులో వివరంగా రాసింది. అబద్ధం కాదు. నూటికి నూరుపాళ్లూ నిజం. రాసి, కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని, అక్షరాల పొందిక చూసుకుని సంతోషించింది కూడా.

ఇరవై మూడు రోజులకు ఫారం తిరిగి వచ్చింది. నాలుగో గడి చుట్టూ ఎర్రసిరా సున్నా. మేనత్తలూ పినతల్లులూ ఆధారితుల కిందికి రారు అని ఒక వాక్యం. విశ్వేశ్వరరావు హెడ్ క్లర్కు దగ్గరికి పోయి చెప్పుకుంటే, ఆయన చల్లగా నిబంధనల పుస్తకం తీసి చూపించాడట. తండ్రి, తల్లి, సవతి తల్లి. అంతా ఒకే వరసలో. తల్లికీ సవతి తల్లికీ మధ్య ఒక్క కామా. ఇదుగో, ఉంది కదండీ, ఈ ముక్కే రాస్తే నెల కిందటే శాంక్షన్ చేసేవాణ్ణి కదా, పినతల్లి అని ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని అన్నాడట. ఎవరు రాయమన్నారు? ఆ రాత్రి ఆయన ఈ సంగతంతా చెబుతూ ఎవరు అనే చోట తల వంచుకున్నాడు, పేరు అనలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఊళ్లో మనుషులు ముప్పై ఏళ్లు రాజీపడని చోట ప్రభుత్వం ఒక్క కామాతో సరిపెట్టుకుంది, ఆ కామా తనకు తెలియలేదు.

గచ్చిబౌలి దగ్గర బస్సు ఆగింది. సీతాఫలాల గంపతో కిష్టమ్మ ఎక్కింది. పొద్దున్నే చెట్ల వెంట పడి కోసుకుని ఇక్కడి దాకా నడిచి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లకు ముళ్లు. గోపన్‌పల్లిలో వాళ్లుంటున్న రెండు గదులు కిష్టమ్మవే, నెలకు ఇరవై అయిదు కిరాయి. కండక్టరు గంపకు కూడా టిక్కెట్టు అన్నాడు. గంప సీటు మీద కూర్చున్నదా అని కిష్టమ్మ అడిగింది. రెండు కాయలతో బేరం తెగింది. వాళ్లకు ముందు వరసలో కూర్చున్న ఒకాయన, మెడలో సైకిలు ట్యూబు వేసుకున్నాయన, తువ్వాలు దగ్గర వాసన తగిలిందేమో, లేచి వెనక్కి పోయి నిలబడ్డాడు. కిష్టమ్మ ఆ ఖాళీలో గంప పెట్టి, తను గంప పక్కన ఒదిగి, వెనక్కి తిరిగి కూర్చుంది. పిన్ని ఆ మనిషి లేవడం చూసింది. చూసి తువ్వాలు మడత మార్చి, పొడి వైపు పైకి తిప్పి పట్టుకుంది, అంతే.

ఆ లేవడాలు ఇప్పటివి కావు. విజయనగర్ కాలనీలో తొంభై రూపాయల వాటాలో ఉన్నప్పుడు ఇంటివాళ్లావిడ ఒక రోజు మంచినీళ్ల గ్లాసు వేరే పెట్టింది, ఇంకో రోజు కుళాయి దగ్గరికి పాపను రావద్దంది, మూడో నాడు మా తమ్ముడు వస్తున్నాడు ఇల్లు కావాలంది. అంటుకునేది కాదండీ అని రత్నమాల చెప్పబోయింది, ఇంగ్లీషు పుస్తకంలో చదివిన సంగతులతో సహా. ఆవిడ వింది. విని, ఒకటో తారీకు కల్లా అంది. అప్పటికి ఆపరేషను అయింది, నర్సింగ్ హోం బిల్లు పద్దెనిమిది వందలు, ఆయన జీతం నాలుగు వందల అరవై. గాజులు పోయాయి, ఆయన పి.ఎఫ్. లోంచి తీసింది పోయింది. ఆయనకు సర్వే పని గోపన్‌పల్లి పక్కన పడింది, కొత్త విశ్వవిద్యాలయానికి భూములు కొలవడం. ఒక విధంగా కలిసొచ్చిందన్నాడు. రాళ్లల్లో కాపురం కలిసిరావడం ఏమిటో.

పిన్నికి రాచపుండు వచ్చింది అంగిట్లో. వాళ్ల వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. పెళ్లయిన కొత్తలో రత్నమాల ఆ దృశ్యం చూసి నిర్ఘాంతపోయింది. పెరట్లో అంట్లు తోముతూ పిన్ని ఏదో పాట కూనిరాగం తీస్తోంది, పెదవుల మధ్య నుంచి చుట్ట మొదలు మాత్రం కొంచెం కనబడుతోంది, నిప్పు లోపల. మామగారికి తెలియకుండా తాగడానికట మొదట్లో. నిప్పు కనపడదు, గాలికి ఆరదు, చేతులు ఖాళీగా ఉంటాయి, పని ఆగదు. నోరు కాలదా అత్తయ్యా అంటే, అలవాటయితే ఏదీ కాలదు అమ్మీ అంది. కాలేజీ స్నేహితురాళ్లెవరైనా వస్తే పెరటి తలుపు వేసేది రత్నమాల, అది కూడా నిజమే. గోపన్‌పల్లికి వచ్చాక ఈ సంగతి విని కిష్టమ్మ రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది, నిప్పు మింగే ముసల్దాన్ని తెచ్చి నా ఇంట్లో పెట్టినవా బిడ్డా, ఇల్లు అంటుకుంటే ఎవలు దిక్కు అని. తువ్వాలు వెనక నుంచి పిన్ని ముక్కు గొంతుతో, ముసల్ది మీ అత్త అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆపరేషనులో అంగిటికి బెజ్జం పడింది, మాట ముక్కులోంచి వస్తుంది, గంజి కూడా ఒక్కోసారి ముక్కులోంచే వస్తుంది. ఆ బెజ్జానికి బిళ్ల చేయించాలన్నారు, నూట నలభై రూపాయలు. అందాకా పిన్ని దూది ఉండచేసి పెట్టుకుని మాట్లాడుతుంది. దూది దండగని మాట్లాడడం తగ్గించింది.

ఆపరేషను తర్వాత కరెంటు పెట్టించాలన్నారు. రేడియేషన్‌ను దవాఖాన వరండాలో జనం అలాగే అంటారు, మీకు ఎన్ని కరెంట్లు, మాకు ఇరవై, అని. పిన్నికి ఇరవై అయిదు రాశారు. నెలకు మూడు వందల పైన జీతం ఉన్నవాళ్లకు ఉచితం కాదన్నారు. నాలుగు వందల అరవైలోంచి ఎన్ని కరెంట్లు వస్తాయి? పదకొండు వచ్చాయి. పన్నెండో దాని దగ్గర ఆగిపోయింది. ఆగి ఇవాళ్టికి పన్నెండు రోజులు. పదిహేను రోజులకు మించితే ముందు పెట్టిన పదకొండూ గంగలో పోసినట్టే అని డాక్టరు, తల ఎత్తకుండా, ఇంకెవరి కాగితమో రాస్తూ చెప్పాడు. ఇవాళ శనివారం. మధ్యాహ్నం లోపల కొత్త ఫారమూ, రోగి స్వయంగా ప్రమాణం చేసిన పత్రమూ తెచ్చి ఇస్తే సోమవారం అడ్వాన్సు ఇప్పిస్తానని హెడ్ క్లర్కు మాటిచ్చాడు. మెహదీపట్నంలో బస్టాండు పక్క చెట్టు కింద నోటరీ కూర్చుంటాడు, పత్రం టైపు చేసి ఉంచాడు, దాని తెలుగు నకలు ఇప్పుడు రత్నమాల సంచిలో, మజ్జిగన్నం డబ్బా కింద ఉంది. పలానా వాని తండ్రికి రెండవ భార్యను, సదరు ఉద్యోగికి సవతి తల్లిని అని ప్రమాణ పూర్వకంగా. నోటరీ దాన్ని పైకి చదివి వినిపిస్తాడు, అది పద్ధతి. నలుగురిలో, బస్టాండులో, పిన్ని మొదటిసారి కాగితంలో ఆ మాట ఉందని పరాయివాళ్ల నోట వినకూడదు. అందుకని ముందే చెప్పాలి. నువ్వు చెప్పు, ఆడవాళ్లు ఆడవాళ్లు, నాకు నోరు రాదు అని ఆయన పొద్దున్నే సైకిలు మీద వెళ్లిపోయాడు.

కుడి వైపు దూరంగా ఖాజాగూడ చెరువు మెరిసింది, బండల సందులోంచి, కత్తి అంచులా. చెప్పు. ఇప్పుడు చెప్పు. అత్తయ్యా, అక్కడ ఒక కాగితం చదువుతారు, అందులో ఒక మాట ఉంటుంది, ఉత్త ఆఫీసు మాట, పట్టించుకోకండి. ఉత్త ఆఫీసు మాట. పన్నెండేళ్ల వయసులో విశ్వేశ్వరరావు చింతచెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఊళ్లో ఒక్కరు కూడా చెట్టును అనలేదట. పిన్ని వాణ్ణి కొడితే సవతి తల్లి కదా అన్నారు, కొట్టకపోతే చెడగొడుతోంది, సవతి తల్లి కదా అన్నారు. పెరుగు ముందు వాడికి వేస్తే చూపులకు, వెనక వేస్తే చూశారా. పిన్నికి ఒక ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులు బతికింది. నీళ్లు పోయడానికి వచ్చిన మంత్రసాని, పోనీలే, కుర్రాడి పాలిట దేవుడున్నాడు అందట. ఇవన్నీ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, వంకాయ పుచ్చు సంగతి చెప్పినట్టే చెప్పింది పిన్ని, ఒక్కసారే. అడగకూడదనుకుంటూనే రత్నమాల అడిగింది, ఏడ్చారా అని. ఎవులూ సూడకుండా ఏడవాలంటే తీరికుండాలి అమ్మీ అంది.

మరి పాపకు జడలు వేస్తూ చెప్పే కథల్లో? ఆ కథల్లో సవతి తల్లులు ఎంత దుర్మార్గులు. పిల్లను అడవిలో వదిలేస్తారు, అన్నంలో ఇసుక కలుపుతారు, బావిలోకి తోస్తారు. పిన్ని వాళ్ల గొంతులు పెట్టి, కళ్లు తిప్పి, ఎంత ఉత్సాహంగా చెబుతుందంటే పాప, ఇంకా దుర్మార్గంగా చెప్పు పిన్నిమామ్మా అని అడుగుతుంది. వంటింట్లోంచి వింటూ రత్నమాల ఎన్నోసార్లు గరిటె పట్టుకుని ఆగిపోయింది. ఆ ముఖంలో ఏదైనా కదులుతుందేమోనని తొంగి చూసింది. జడ అల్లడంలో ఒక్క పాయ కూడా తప్పేది కాదు.

కిష్టమ్మ ఒక సీతాఫలం ఒలిచి, గుజ్జు గింజలు లేకుండా వేలితో తీసి ఆకులో పెట్టి పిన్నికి అందించింది. మింగుతవా, మెత్తగుంది అంది. తర్వాత రత్నమాల వంక చూసి, ఏందమ్మా గట్ల పరేషాన్‌గున్నవు, పైసలొచ్చే దినం గద ఇయ్యాల అంది. వస్తాయో రావో అంది రత్నమాల. కాగితం మీద ఏమవుతారన్నది సరిగా రాయాలి, అది రాస్తేనే ఇస్తారు అని, పిన్నికి వినబడేట్టు, వినబడనట్టు, అక్కడిదాకా వచ్చి ఆగింది. కిష్టమ్మ కాసేపు గంపలో కాయలు సర్దుకుంది.

"మా కొడుకు మొగిలికి గొంతుల లేచింది, ఎరికేనా," అంది. "ఎకరన్నర ఉండె రాయదుర్గం కింద. అంత రాళ్లే. రాళ్లకెవడు పైసలిస్తడమ్మా, పన్నెండొందలకు అడిగితే దండం పెట్టి ఇచ్చేసిన. ఇరవై దినాలు బతికిండు. ఏ సర్కారోడు గూడ నన్ను అడగలే, వాడు నీకేమైతడని. మీకు నయం, తప్పు రాసెటానికన్న ఓ గడి ఉన్నది."

రాయదుర్గం బండలు రెండు వైపులా దగ్గరికొచ్చాయి. వీటిలో ఏ బండలు కిష్టమ్మవో అడగాలనిపించి అడగలేదు. రాళ్లు కొట్టే సుత్తుల చప్పుడు ఎక్కడి నుంచో టంగుటంగుమని వస్తోంది, ఒక సుత్తి కంటె ఇంకో సుత్తి కొంచెం ఆలస్యంగా. తప్పు రాసెటానికన్న ఓ గడి. తప్పు అంటే గుర్తొచ్చింది, గుర్తు రావడమేమిటి, పక్కనే కూర్చుని ఉంది అది కూడా, ముగ్గురి సీటులో నాలుగో మనిషిలా. మర్యాద కోసమే రాశానా ఆ ఆంట్ అని? అంతేనా? విజయనగరం నుంచి ఆయన పెదనాన్న కొడుకు ఉత్తరం రాశాడు, పిన్నే కదా, ఎంతకని భరిస్తావు తమ్ముడూ, తాహతు చూసుకో అని. ఆయన ఆ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. రత్నమాల మండిపడింది. మండిపడుతూనే, గాజులు తాకట్టు కొట్టుకి తీసుకెళుతూ దారిలో లెక్క వేసుకుంది. తల్లయితే గాజులు ఇవ్వాల్సిందే. పిన్నయితే ఎంత ఇస్తే ధర్మం? సగమా? ఒక గాజా? లోకంలో వరసకొక ధర ఉంది, ఏ వరసకు ఎంత దాకా ఖర్చు పెట్టి ఆపితే నలుగురూ తప్పనరో అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. ఆ నాలుగో గడి దగ్గర కలం ఆగినప్పుడు, పిన్ని మనసు నొచ్చుకుంటుందన్న జాలి ఒక పక్క నిజమే. మా ఇంట్లో రెండో పెళ్లి ఉందని ఆయన ఆఫీసులో నా చేతిరాతతో తెలియాలా అన్న నామోషీ ఇంకో పక్క నిజమే. ఆ రెంటి అడుగున, బావి అడుగు మట్టిలా, రేపు ఎక్కడో ఒక చోట ఆపేయాల్సి వస్తే ఈ మాట ఆపడానికి వీలైన మాట అన్న తెలివి లేదా? ఉంది. లేదని ప్రమాణ పత్రం రాసి సంతకం పెట్టగలదా? ఆ ఫారంలోనే నేను కరెంటు ఆపేశాను, పదకొండు దగ్గర కాదు.

తోలిచౌకి వచ్చింది. కిష్టమ్మ గంప నెత్తికెత్తుకుని దిగుతూ, ఫికర్ జేయకు ముసల్దానా, నిప్పు మింగినదానివి నీకేం గాదు అంది. పిన్ని చెయ్యి ఊపింది. ఇంక పది నిమిషాలు. పిన్ని రత్నమాల వైపు తిరిగింది, ఏదో అడగబోతున్నట్టు. అక్కడ కాసిని చల్లటి నీళ్లు దొరుకుతాయేటమ్మీ అంది పిన్ని. దొరుకుతాయి అత్తయ్యా అంది రత్నమాల. అదే చివరి అవకాశం అని తెలిసే, దాన్ని అలా నీళ్ల మాటతో గడిపేసింది.

విశ్వేశ్వరరావు బస్టాండులో నిలబడి ఉన్నాడు. బస్సు ఆగకముందే అతని కళ్లు రత్నమాల కళ్లను వెతుక్కున్నాయి, చెప్పావా అని. ఆమె చూపు తిప్పుకుంది. అతను పిన్ని చెయ్యి పట్టి దింపాడు, సంచి అందుకున్నాడు, నడుస్తూ నడుస్తూ ఎండ ఎక్కువగా ఉందన్నాడు. చెట్టు కింద నోటరీ వెంకటనారాయణ, రంగు వెలిసిన నల్లకోటు, బల్ల మీద కాగితాలు ఎగరకుండా రాళ్లు. టైపిస్టూ, ఇంకా తమ వంతుకు కాచుకున్న నలుగురూ. కూసోండమ్మా అని పిన్నికి స్టూలు జరిపాడు నోటరీ. మంచివాడే. అద్దాలు తుడుచుకుని పత్రం ఎత్తాడు. అనగా భ్రమరాంబ అను నేను, వయస్సు యాభై రెండు సంవత్సరములు, అని మొదలు పెట్టాడు. రత్నమాలకు సుత్తుల చప్పుడు ఇంకా వినబడుతున్నట్టే ఉంది. విశ్వేశ్వరరావు చెట్టు మొదలును చూస్తున్నాడు, అక్కడేదో కొలవాల్సింది ఉన్నట్టు.

పిన్ని చెయ్యి ఎత్తి ఆపింది. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. నాలుకతో దూది ఉండను పైకి సరిగ్గా నొక్కుకుంది, ఆ నొక్కడం బుగ్గ మీద కనబడింది.

"సదవక్కర్లేదు బాబూ. నాలుగు దినాల కితమే సదివీసినాను. పోపుల పెట్టి కింద ఎట్టినారు. పోపుల పెట్టి రోజూ తీసీది నానే కదా," అంది. ముక్కులోంచే వచ్చినా మాటలు విడివిడిగా, స్పష్టంగా వచ్చాయి. "ఈలిద్దర్లో ఎవులు సెప్తారా అని సూస్తన్నాను. ఎవులూ సెప్పనేదు."

నోటరీ ఇబ్బందిగా కదిలి, అయినా పద్ధతి ఉంటుందమ్మా, ఈ ఇసయం మీరు ఒప్పుకుంటున్నరా అని అడగాలె నేను అన్నాడు.

"ఒప్పుకోడానికేటుంది. సవితి తల్లినే. ముప్పై యేళ్లు ఆ మాట నాకు ఊరోళ్లు ఊరికే ఇచ్చినారు. ఇన్నాళ్లకి దానికి డబ్బులిచ్చీవోడు దొరికినాడు, కాదనడానికి నాకేటి పిచ్చా?"

టైపిస్టు ఫక్కున నవ్వాడు. కాచుకున్న నలుగురూ నవ్వారు. నోటరీ కూడా, గట్టి మనిషివమ్మా అంటూ నవ్వాడు. విశ్వేశ్వరరావు కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు కనక, గొంతు తడి చేసుకుంటున్నట్టు ఒక నవ్వు. పిన్ని నవ్వలేదు. కలం అడిగి తీసుకుని, చూపించిన చోట భ్రమరాంబ అని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని సంతకం పెట్టింది. పెట్టి, కలం ఇంకా ఇవ్వకుండా, కాగితాన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది.

"నాను ఆడికేటౌతానో రాసినావు," అంది. "ఆడు నాకేటౌతాడో రాయడానికి గడి నేదా బాబూ?"

ఆ గడి అవసరం లేదమ్మా అన్నాడు నోటరీ, ముద్ర వెతుక్కుంటూ.

సరే అని పిన్ని తువ్వాలు మళ్లీ మడిచి నోటికి అడ్డం పెట్టుకుంది. విశ్వేశ్వరరావు నీళ్లు తెస్తానని గబగబా వెళ్లిపోయాడు. కొత్త ఫారం రత్నమాల చేతికి వచ్చింది. పన్నెండు కొట్టడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. బల్ల అంచున పెట్టుకుని, మొదటి గడి, రెండో గడి, మూడో గడి నింపింది. నాలుగో గడి దగ్గర చెయ్యి వణుకుతుందేమో అనుకుంది. వణికితే బాగుండు అనుకుంది. పక్కనే స్టూలు మీద పిన్ని, కాగితం వంక కాదు, దాని మీద కదిలే చేతి వంక చూస్తోంది. రత్నమాల రాసింది. చెయ్యి వణకలేదు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, పొందికగా, ఎవరైనా మెచ్చుకునేటట్టు వచ్చాయి.